బంతి పట్టుకోని సెంటర్ ప్లేయర్

ఆ రోజుల్లో మా వైపు మనిషి పొడవును అడుగుల్లో కొలిచేవాళ్లు కారు, గుమ్మాల్లో కొలిచేవాళ్లు. ఏ గుమ్మం దగ్గర ఎంత వంగుతాడన్నదే లెక్క. మా ఇంటి గుమ్మానికి నేను మెడ వంచేవాణ్ణి, మా చిన్నాన్న ఇంటి గుమ్మానికి నడుం వంచేవాణ్ణి, మా ఊరి పోస్టాఫీసుకైతే దాదాపు సాష్టాంగపడాల్సి వచ్చేది. ఇప్పటివాళ్లు పిల్లలు పొడుగు పెరగాలని పాలలో ఏవేవో పొడులు కలిపి తాగిస్తున్నారు. మా అమ్మ మాత్రం నేను పెరగడం ఆగాలని మొక్కుకుంది. (మొక్కు మొక్కిన ఏడాదే నా ప్యాంట్లు మరో రెండంగుళాలు పొట్టివయ్యాయి.) ఈ పొడవే ఒకనాడు నాకు అన్నం పెడుతుందని, అదీ సముద్రం అవతల కువైట్లో, జీతానికి బాస్కెట్‌బాల్ ఆడే సెంటర్ ప్లేయర్‌గా పెడుతుందని ఎవరైనా చెప్పి ఉంటే నేను నవ్వేవాణ్ణి కూడా కాదు. ఎందుకంటే బాస్కెట్‌బాల్ అనే ఆట ఒకటి ఉందని అప్పటికి నాకు తెలియదు. మా జిల్లా నుంచి ఆ ఆటను బతుకుతెరువుగా ఆడిన మొదటివాణ్ణి నేనేనని నా నమ్మకం. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఎవరూ అడగనూ లేదనుకోండి.

చాలా ఏళ్ల ఉద్యోగం తర్వాత రిటైరై కడపకు వెళ్లిపోయిన నేను, ఈమధ్య విజిట్ వీసా మీద మళ్లీ కువైట్లోని ఈ అబ్బాసియా పేటకే వచ్చాను. మా అమ్మాయి, అల్లుడు ఇక్కడే ఉంటారు. మొన్న సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి బ్యాగు సోఫా మీద పారేసి, "తాతా, నన్ను బాస్కెట్‌బాల్ టీములో సెంటర్ వేశారు. నాకిష్టం లేదు. అందరూ నన్ను కరెంటు స్తంభం అంటున్నారు" అని మొహం మాడ్చుకుంది. పొడవు నా దగ్గర నుంచే వచ్చింది కాబట్టి బాధ్యత నాదే. "నేనూ సెంటరే తల్లీ" అన్నాను. ఆ పిల్ల నా మోకాళ్ల వైపు చూసి, "మీరా!" అంది. ఆ ఒక్క మాటకు జవాబుగా ఆ సాయంత్రం దానికి చెప్పినదంతా ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మా ఊళ్లో ఉన్న ఆటల్లా వాలీబాల్. హైస్కూలు వెనక రెండు సర్వీ కట్టెలు పాతి వల కట్టి ఆడేవాళ్లం. నేర్పింది మా డ్రిల్లు సారు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆయన సిద్ధాంతం ఒక్కటే, బంతి నిప్పు. వాలీబాల్లో బంతిని చేతుల్లో నిలపడం తప్పు కదా, తగిలీ తగలకముందే పంపించెయ్యాలి. "రేయ్ పొడుగోడా, నిప్పురా అది! పట్టుకుంటే కాల్తాది. తగల్నీ, తోలెయ్!" అని కోర్టు బయటి నుంచి అరిచేవాడు. పొరపాటున ఎవడైనా బంతిని పట్టుకుంటే వేపబెత్తం వేళ్ల మీద పడేది. పదో తరగతి అయ్యేసరికి నా చేతులకు, మెదడుకు సంబంధం తెగిపోయింది. బంతి వచ్చిందని మెదడుకు తెలిసేలోపే వేళ్లు దాన్ని పంపించేసి ఉండేవి. వల మీద నుంచి బాదడం ఒకటి, పక్కవాడు బాదడానికి అనువుగా వేలికొసలతో మెత్తగా లేపి ఇవ్వడం ఇంకొకటి, ఈ రెండూ నాకు వచ్చు. మూడోది రాదు. ఎవరైనా నా మీదికి జామకాయ విసిరినా అది ఎదురింటి పెంకుల మీద పడేది.

డిప్లొమా అయ్యాక ఉద్యోగం దొరకలేదు. ఊళ్లో అందరిలాగే నేనూ గల్ఫ్ దారి పట్టాను. మొదటిసారి వెళ్లేటప్పుడు మా వీధి వీధంతా బస్టాండుకు వచ్చింది. మా అమ్మ చామంతి దండ మెడలో వేసింది. (స్టూలు ఎక్కి వేసింది. స్టూలు ఇంటి నుంచే తెచ్చుకుంది.) బొంబాయి వెళ్లి చూస్తే ఏజెంటు ఆఫీసుకు తాళం. తిరిగొచ్చాను. రెండోసారి కూడా వీధి వచ్చింది, స్టూలు వచ్చింది, దండ పడింది. ఈసారి ఏజెంటు ఉన్నాడు కానీ వీసా దొంగది. మళ్లీ తిరిగొచ్చాను. అప్పటి నుంచి నా పేరు పోయి 'రిటన్' అని పేరొచ్చింది. టీకొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్లు, "కూచో రిటనన్నా" అని మర్యాదగానే చోటిచ్చేవాళ్లు. ఆ మర్యాదే నాకు అన్నం సహించనిచ్చేది కాదు.

అలాంటప్పుడు దిగాడు మా భాయ్. రాయచోటి మనిషి, మా నాయన స్నేహితుడి కొడుకు, కువైట్లో ఒక కట్టడాల కంపెనీలో డ్రైవరు. సెలవుకు వచ్చి మమ్మల్ని చూసిపోదామని మా ఇంటికి వచ్చేసరికి నేను వీధిలో నిలబడి, నిచ్చెన లేకుండా మా చూరు పెంకులు సర్దుతున్నాను. కాసేపు కింద నుంచి పై దాకా చూశాడు.

"అబ్బీ, నువ్వు బంతాట ఆడ్తావంట గదా?"

"వాలీబాల్ భాయ్."

"ఏదో ఒగటి. మా కంపెనీకి బంతాట జట్టు ఉండాది. మా కఫీల్‌కు, అదే మా యజమానికి, అదంటే పిచ్చి. నడిమధ్యన నిలబడేదానికి పొడుగోడు కావాలని ఊరూరా ఎతికిస్తాండాడు."

"ఏ బంతాట భాయ్ అది?"

"బంతాటంటే బంతాటే రా సామీ! బంతుంటాది, ఎగరాల. నీకు ఎగిరే పని గూడా ల్యా."

భాయ్ అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో నిజంగానే లోకంలో ఆటలు రెండే, బంతి ఉన్నవి, బంతి లేనివి. షరతు ఒక్కటే, కువైట్ వెళ్లాక ఆడి చూపించాలి. నచ్చితే కంపెనీ స్టోర్సులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చి ఇఖామా కొట్టిస్తారు. నచ్చకపోతే తిరుగు టికెట్ చేతిలో పెడతారు. (ఇఖామా అంటే కువైట్లో ఉండనిచ్చే అనుమతి. పాస్‌పోర్టులో ఆ ముద్ర పడనంతవరకు మనిషి ఎంత పొడుగున్నా అక్కడ లేనట్టే.) ఆటకన్నా నా మనసు ఆ స్టోర్సు మీదే ఉంది. మేకులు ఒక అరలో, మరలు ఒక అరలో వరసగా సర్ది, వేటికవి పేరు రాసి అంటించే ఉద్యోగం కోసం నేను పుట్టాననే నా అభిప్రాయం. కానీ ఆ అరల దాకా వెళ్లాలంటే ముందు బంతిని దాటాలి.

మూడోసారి ప్రయాణమప్పుడు ఎవరికీ చెప్పొద్దన్నాను, దండ వద్దన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "దండ ల్యాకుండా పంపిస్తే అట్లే తిరిగొస్తావు" అంది. "దండ వేసినప్పుడల్లా తిరిగొచ్చాను గదమ్మా" అన్నాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత దండను తెల్ల గుడ్డలో చుట్టి నా పెట్టెలో బట్టల మీద పెట్టి, "నిలబడినాకనే ఏసుకో. అంతవరకు విప్పొద్దు" అంది. కువైట్ ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచిన కస్టమ్స్ ఆయన ఆ మూటను ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను కింది నుంచి పైకి చూసి, ఏమనుకున్నాడో ఏమో, మళ్లీ జాగ్రత్తగా చుట్టి పెట్టాడు.

అబ్బాసియాలో భాయ్ గదిలో దిగాను. అప్పటికీ ఇప్పటికీ ఈ పేటలో మారనిది ఒక్కటే, ఏ సందులో నిలబడినా ఎవరిదో ఒకరి పోపు వాసన వస్తుంది. గదికి తక్కువ ఎత్తు తలుపు, మంచానికి తక్కువ పొడవు. కాళ్ల కింద ఖాళీ నెయ్యి డబ్బాలు బోర్లించి పడుకున్నాను. ఆనాటి డైరీలో ఇలా ఉంది: "క్షేమంగా చేరాను. తల తగిలింది. రేపు ఆట." (డైరీ రాయడం నాకు హైస్కూలు నుంచి అలవాటు. ఎక్కువ రాయను. జరిగింది రాస్తాను, అంతే.)

మర్నాడు సాయంత్రం కంపెనీ వర్క్‌షాపు వెనక సిమెంటు గచ్చు మీదికి తీసుకెళ్లాడు. రెండు చివర్లా రెండు స్తంభాలు, వాటికి చెక్కలు, చెక్కలకు ఇనుప రింగులు. మధ్యలో ఏమీ లేదు. నేను భాయ్ చెవి దాకా వంగాను.

"భాయ్, వల యాడ?"

"ఆ పైన యాలాడ్తాంది గదా."

"అది గోతాం మాదిరి ఉండాది భాయ్! అడ్డంగా కట్టే వల యాడ?"

భాయ్ కూడా మొదటిసారి ఆ కోర్టును శ్రద్ధగా చూశాడు. "చిన్న వల కట్నారు. ఎండకు కుచించుకపోయిందేమో. నువ్వు గమ్మునుండు, అడగొద్దు" అన్నాడు.

మా కోచ్ ఈజిప్టు ఆయన. కంపెనీలో లెక్కల సెక్షన్ మేనేజరు, సాయంత్రమైతే మెడలో విజిల్ వేసుకుని కోచ్. ఆయన ఏ వాక్యం మొదలుపెట్టినా 'యల్లా' (అంటే 'పదండి') అనే మొదలుపెట్టేవాడు కాబట్టి మేము ఆయన్ని యల్లాసారు అనేవాళ్లం. నన్ను చూడగానే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. నా చుట్టూ ఒకసారి తిరిగి, ఆకాశం వైపు చేతులెత్తి దేవుడికి ధన్యవాదాలు చెప్పి, "యల్లా హబీబీ!" అంటూ ప్రేమగా బంతి విసిరాడు. డ్రిల్లు సారు శిష్యుణ్ణి, నేను ఎగిరి బాదాను. బంతి వెళ్లి, అప్పుడే మా అందరికీ టీ తెస్తున్న మనిషి చేతిలో పళ్లేన్ని తాకింది. గ్లాసులన్నీ గచ్చు మీద పడ్డాయి. యల్లాసారు నవ్వాడు. కొత్తవాడు, ఉత్సాహం ఎక్కువ అనుకున్నాడు. మళ్లీ విసిరాడు. మళ్లీ బాదాను. ఈసారి వర్క్‌షాపు రేకుల మీద పడింది. మూడోసారి ఆయన విసరలేదు. దగ్గరికొచ్చి, పసిపిల్లను అందించినట్టు బంతిని నా రెండు చేతుల్లో పెట్టాడు. వేళ్లు వాటంతటవే విదిల్చేశాయి. ఆయన గడ్డానికి తగిలింది.

అంతటితో అయిపోలేదు. బాస్కెట్‌బాల్లో ఒక నియమం ఉంది. రింగు వైపు కిందికి దిగుతున్న బంతిని, అది రింగుకు తగిలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఎదుటివాళ్లు వేసిన బంతిని ముట్టుకుంటే అది పడ్డట్టే లెక్క, పాయింట్లు వాళ్లకే. మనవాళ్లు వేసినదాన్ని ముట్టుకుంటే మన పాయింట్లు పోతాయి. నేనేమో గాల్లో దిగుతున్న బంతి కనబడితే చాలు, వల మీద నుంచి అవతలికి పంపినట్టు బాదేవాణ్ణి. మనవాళ్లదీ బాదాను, వాళ్లదీ బాదాను. ఈ విషయంలో నేను ఏనాడూ పక్షపాతం చూపలేదు.

వారం తిరిగేసరికి యల్లాసారు పాత మొహం మాయమైంది. నాకు చికిత్స మొదలుపెట్టాడు. పగలూ రాత్రీ బంతి నా దగ్గరే ఉండాలన్నాడు. కంపెనీ బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. కండక్టరు లేని బస్సు కాబట్టి బతికిపోయాను గానీ లేకపోతే దానికీ టికెట్ అడిగేవాడు. గదిలో అన్నం తినేటప్పుడు ఉన్న ఒక్క కుర్చీ మీద దాన్ని పెట్టేవాణ్ణి.

"ఏందబ్బీ ఇది? బంతికేమో కుర్చీ, నాకు చాప. ఇఖామా ఎవరికుండాది, నాకా దానికా?" అని భాయ్ గొణిగేవాడు. మళ్లీ తనే జాలిపడి, "అది బంతి అనుకుంటాండావు కాబట్టి నీ చేతులు అదుర్తాండాయి. కోడిపెట్ట అనుకో. గట్టిగా పడితే అరుస్తాది, ఒదిలితే పోతాది. నిమ్మళంగా పట్టుకో" అని ఉపాయం చెప్పేవాడు.

ఒళ్లో ఉన్నంతసేపు అది కోడిపెట్టే. గాల్లోకి లేస్తే మాత్రం నిప్పు.

మా జట్టులో ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు ఉండేవాడు. కంపెనీలో ఎలక్ట్రీషియను. నా పొట్ట దాకా వచ్చేవాడు. కాళ్లు ఎక్కడుంటాయో కంటికి ఆనేవి కావు, అందుకని అతన్ని అందరూ బుల్లెట్ అనేవాళ్లు. వాళ్ల దేశంలో పిల్లలు నడకతోపాటే ఈ ఆట నేర్చుకుంటారట. నేను బాదిన బంతుల్ని గోడలవతల నుంచి ఏరుకొచ్చే పని పాపం అతనిదే అయింది. ఒక్కసారీ విసుక్కోలేదు. "మాఫీ ముష్కిల్, బ్రదర్" అనేవాడు. ఏం ఫర్వాలేదు అని దానర్థం, మాఫీ అంటే లేదు అని. మా అందరికీ కలిసిన భాష అదే, అరబ్బీ సగం, హిందీ సగం, మిగతా చేతులు.

పందెం రోజు వచ్చింది. పాల కంపెనీ జట్టుతో మాకు ప్రతి ఏటా పోటీ. మా కఫీల్ మూడేళ్లుగా ఓడిపోతూ వస్తున్నాడు. (కఫీల్ అంటే మా వీసాల యజమాని. కంపెనీలో అందరం ఆయన్ని బాబా అని పిలిచేవాళ్లం.) మిష్రిఫ్‌లో ఆయన విల్లా పక్కనే కోర్టు. శుక్రవారం సాయంత్రం. డ్రైవర్లు, మేస్త్రీలు, వంటవాళ్లు, కార్ల బానెట్ల మీద కూర్చున్న కువైటీ కుర్రాళ్లు, మధ్యలో తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషాలో, తస్బీ జపమాల తిప్పుకుంటూ బాబా. ఆ ఇంట్లో పనిచేసే మా కడప అక్క ఒకామె టీ గ్లాసులతో వచ్చి, నా పక్కన వంగి మెల్లగా చెప్పింది. (అక్కడ పనిచేసేవాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు.)

"అబ్బయ్యా, పొద్దన బాబా మా మామాతో అంటా ఉంటే ఇన్యా. ఈ పొడుగోడు ఈ పొద్దు గూడా చేతులాడిస్తే రేపే టికెట్ అంట. నీ పాస్‌పోర్టు బల్ల మీదనే పెట్టుకోనుండాడు. జాగర్తగా ఆడు నాయనా."

నాకు మా ఊరి టీకొట్టు బెంచీ కనిపించింది. 'కూచో రిటనన్నా' అన్న మాట వినిపించింది. ఆ తర్వాత విజిల్ వినిపించింది.

మొదటి సగంలో ఏం జరిగిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. డైరీలో కూడా "మొదటి సగం ఆడాను" అని మాత్రమే ఉంది. పాల కంపెనీ వాళ్లు నన్ను చూసి మొదట భయపడ్డారు, తర్వాత ఆశ్చర్యపడ్డారు, ఆ తర్వాత ఆదరించారు. వాళ్లు వేసే ప్రతి చెత్త బంతినీ నేను గాల్లోనే బాది వాళ్లకు పాయింట్లు ఇప్పిస్తున్నాను మరి. వాళ్ల కెప్టెన్ ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఊపి 'షుక్రన్' అని కృతజ్ఞత కూడా చెప్పాడు. యల్లాసారు నన్ను బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టి, "ఖలాస్" అన్నాడు. ఆయన 'యల్లా' లేకుండా మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి. బాబా తస్బీ ఆగింది. భాయ్ నా వెనక నిలబడి, "టికెట్ బొంబాయికేమో, మద్రాసుకైతే దగ్గర" అని తనలో తాను అనుకోవడం వినిపించింది.

రెండో సగం మొదలైన కాసేపటికి, నా బదులు దిగినతని చీలమండ మడత పడింది. ఇంకో పొడుగువాడు లేడు. యల్లాసారు బెంచీ వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, చివరికి నా వైపు చూసి చెయ్యి ఊపాడు. ఆ ఊపులో ఆశ లేదు, ఆట నియమం ప్రకారం ఐదుగురు ఉండాలి, అంతే.

లోపలికి వెళ్తుంటే బుల్లెట్ నా బనియన్ పట్టుకు లాగాడు. నేను వంగాను. అతను మునివేళ్ల మీద లేచాడు.

"బ్రదర్, ఇన్నాళ్లు నీ బాల్ నేనే తెచ్చాను. నాకు తెలుసు. నువ్వు మాఫీ కాచ్. ఎప్పుడూ మాఫీ. పట్టుకోకు. నువ్వు ఎప్పుడూ ఎడమకే కొడతావు. నేను ఎడమవైపే ఉంటా. చిన్నగా కొట్టు, చిన్నగా. అంతే."

"రింగు?"

"రింగు టంగ్ అన్నాక నీది. టంగ్ అనకముందు ఎవరిదీ కాదు."

ఎన్నాళ్ల నుంచో అందరూ నన్ను 'పట్టుకో, పట్టుకో' అంటున్నారు. మొదటిసారి ఒకడు 'పట్టుకోకు' అన్నాడు. నా వేళ్లు ఆ మాట విని ఒక్కసారిగా శాంతించినట్టనిపించింది. చిన్నగా కొట్టడం అంటే ఏమిటి? మా ఊళ్లో పక్కవాడు బాదడానికి అనువుగా వేలికొసలతో లేపి ఇవ్వడమే కదా! నాకు వచ్చిన రెండు విద్యల్లో రెండోది అదే కదా! ఇన్ని రోజులూ మొదటిదే చూపించి చస్తున్నాను.

పాల కంపెనీవాడు వేసిన బంతి రింగుకు తగిలి టంగ్‌మంది. అందరూ పట్టుకోవడానికి ఎగిరారు. వాళ్లు పట్టుకోవాలంటే రెండు చేతులూ పైకి రావాలి, గట్టిగా బిగించాలి, కిందికి దిగాలి. నాకు అవేవీ అక్కర్లేదు. పైన ఒక్క మునివేలి తాకిడి. బంతి మెత్తగా లేచి ఎడమవైపు దిగింది. దిగిన చోట బుల్లెట్ ఉన్నాడు, మరుక్షణం లేడు. అవతలి రింగులో బంతి పడ్డాక గానీ పాల కంపెనీవాళ్లు వెనక్కి తిరిగి చూడలేదు. మళ్లీ టంగ్, మళ్లీ వేలికొస, మళ్లీ బుల్లెట్. ఆగి ఆలోచించడానికి బంతి ఎవరి చేతుల్లోనూ ఉండటం లేదు. కార్ల బానెట్ల మీది కుర్రాళ్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. "యల్లా! యల్లా! యల్లా!" అని మా కోచ్‌కు పోయిన మాట తిరిగొచ్చింది. భాయ్ అయితే కోర్టు గీత దాటొచ్చి, "అట్ల! నిప్పే అబ్బీ, నిప్పే! కోడిపెట్ట కాదు!" అని అరుస్తున్నాడు.

అలా అలా దగ్గరికొచ్చాం. ఆఖరి ఘడియలకు పాల కంపెనీ ఒక్క పాయింటు ముందుంది. బంతి బుల్లెట్ చేతిలో ఉంది, చాలా దూరంలో. నేను రింగు కింద నిలబడ్డాను. వాళ్ల మనుషులిద్దరు మీద పడుతుండగా అతను అక్కడి నుంచే బంతి విసిరాడు. అది పైకి లేచి, ఆ సాయంత్రపు ఎండలో ఒక్క క్షణం నిలిచి, సరిగ్గా నా మీదికే దిగడం మొదలుపెట్టింది.

జీవితంలో అంత బాగా దిగుతున్న బంతిని నేను చూడలేదు. బాదడానికి దానికన్నా అనువైన బంతి ఉండదు. నా రెండు చేతులూ అప్పటికే భుజాల దాకా లేచాయి. నేను ముట్టుకుంటే పాయింట్లు పోతాయి, ఆట పోతుంది, రేపే టికెట్, ఎల్లుండి బెంచీ. వద్దు వద్దు అని నేనంటున్నాను, చేతులు వినడం లేదు. అప్పుడు ఎలా తోచిందో ఏమో, చిన్నప్పుడు తరగతిలో అల్లరి చేస్తే డ్రిల్లు సారు వేసే మరో కేక నా చెవిలో మోగింది. "చేతులు కట్టుకో!" అంతే, ఠక్కున రెండు చేతులూ ఛాతీ మీద మడిచి, నోరు మూసుకుని, రింగు కింద బుద్ధిమంతుడిలా నిలబడిపోయాను. చుట్టూ అందరూ ఎగురుతున్నారు. నేనొక్కణ్ణే హెడ్మాస్టరు గదిలో నిలబడ్డట్టు నిలబడ్డాను. బంతి నా ముక్కు ముందు నుంచే దిగి, రింగును కూడా తాకకుండా, టంగ్ అనకుండా, గోతాంలో పడిపోయింది. విజిల్ మోగింది.

నా వృత్తి జీవితంలో నేను ఆడిన అత్యుత్తమ ఆట అదే. అందులో నేను చేసిందేమీ లేదు.

యల్లాసారు పరుగెత్తుకొచ్చి నా నడుం కావలించుకున్నాడు. (అంతకన్నా పైకి అందలేదు.) బాబా లేచి నిలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతూ భాయ్‌ని ఏదో అడిగాడు. భాయ్ నా వైపు తిరిగి, "అందరూ చేతులు ఎత్తితే నువ్వు ఎందుకు కట్టుకుంటివని అడగతాండాడు. ఏం జెప్పాల?" అన్నాడు. "మా సారుకు భయపడి అని చెప్పు" అన్నాను. భాయ్ అరబ్బీలో చాలాసేపు చెప్పాడు. బాబా తల ఊపి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, గంభీరంగా నాకు సలాం చేశాడు. తర్వాత కనుక్కుంటే భాయ్ చెప్పింది ఇదట: మా దేశంలో పెద్దవాళ్లు వస్తే చేతులు కట్టుకుని నిలబడతాం, బంతి వస్తా ఉంటే ఈ అబ్బాయి దానికి మర్యాద చేసినాడు.

పాస్‌పోర్టులో ముద్ర పడిన రోజు భాయ్ దాన్ని గదిలోకి తెచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ మీద పెట్టాడు. నేను పెట్టె తెరిచి తెల్ల గుడ్డ మూట విప్పాను. చామంతులు ఎండి, రంగు మారి, ముట్టుకుంటే రాలేట్టున్నాయి. వాసన మాత్రం అచ్చం మా బస్టాండే. దండ వెయ్యడానికి భాయ్ మంచమెక్కాడు, ఆ సంబరం చూడ్డానికి వచ్చిన బుల్లెట్ ఆ మంచం ఊగకుండా పట్టుకున్నాడు. సగం పూలు గది నిండా రాలాయి. మిగిలిన సగంతో నేను క్యాసెట్ ముందు కూర్చున్నాను. (ఆ కాలంలో ఇక్కడివాళ్లం టేపురికార్డరులో మాట్లాడి, ఆ క్యాసెట్‌ను ఊరికెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం.) "అమ్మా, దండ ఏసుకున్నా" అన్నాను. మైకు భాయ్ చేతికిచ్చాను. మిగిలిందంతా భాయే మాట్లాడాడు, చేతులు కట్టుకున్న కథతో సహా.

ఆ క్యాసెట్‌ను మా వీధి వీధంతా మా ఇంట్లో కూర్చుని విన్నదట. డ్రిల్లు సారు కూడా వచ్చి, ఆఖరి దాకా కదలకుండా విని, "పట్టుకున్యాడా, ల్యా?" అని ఒకే ఒక్క మాట అడిగాడట. "పట్టుకోలేదంట సారూ" అన్నారు. "అదీ నా శిష్యుడు" అని లేచి వెళ్లిపోయాడట. టీకొట్టు బెంచీ మీద నా పేరు మళ్లీ మారిందని తర్వాత తెలిసింది. ఏం పేరో చెప్పను, అది చెబితే గొప్పలవుతుంది.

మోకాళ్లు ఒప్పుకున్నన్నాళ్లు ఆడాను. ఎన్నాళ్లాడినా బంతి పట్టుకోవడం రాలేదు, ఎవరూ పట్టుకోమని అడగనూ లేదు. తర్వాత స్టోర్సులో మేకులు ఒక అరలో, మరలు ఒక అరలో సర్దుకుంటూ హాయిగా రిటైరయ్యాను.

ఇదంతా విన్నాక మా మనవరాలు సోఫా మీది బ్యాగు తీసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు సాయంత్రం షూస్ వేసుకుని, "తాతా, కిందికి రండి" అంది. బిల్డింగు వెనక కార్లు నిలిపే చోట ఎండ తగ్గింది. పక్క సందులోంచి ఎవరిదో పోపు వాసన వస్తోంది. "రెడీయా?" అంటూ ఆ పిల్ల బంతి విసిరింది. నేను ఈసారి ఎలాగైనా పట్టుకోవాలనే అనుకున్నాను. డెబ్బై దాటిన మనిషికి ఆ మాత్రం నిదానం ఉండదా? వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. బంతి మెత్తగా లేచి, ఎడమవైపు, ఎన్నో ఏళ్ల కింద ఒక కుర్రాడు నిలబడే చోట దిగింది. అక్కడిప్పుడు ఎవరూ లేరు. దొర్లుకుంటూ కిరాణా కొట్టాయన ఉల్లిపాయల సంచికి తగిలి ఆగింది.

"తాతా! పట్టుకోవాలి!" అని అది పొట్ట పట్టుకుని నవ్వింది.

"అది నీ పని. నువ్వు ఇకనుంచి ఎడమవైపు నిలబడు" అన్నాను.

నిలబడింది. చీకటి పడేదాకా ఆడాం. ఆ పిల్లకు చేతులు మంచివి, ఇష్టం కూడా వస్తున్నట్టే ఉంది. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "మనవరాలితో ఆట. బంతి పట్టుకోలేదు. వేళ్లు బాగానే ఉన్నాయి. మెట్ల దగ్గర తల తగిలింది."